నాలుగంగుళాల పైపులో సుడుల లెక్క: టర్బులెన్స్ మోడలింగ్ మొదటిసారి చేసేవాళ్లకి

రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి, బరంపురం. ఈ ఊళ్ల నుంచి ఏటా ఫైనలియర్ ప్రాజెక్టుల కాలం రాగానే పిల్లలు నన్ను అడిగేది ఒకటే: "మాష్టారూ, టర్బులెన్స్ మోడల్ ఏది పెట్టమంటారు?" ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, కాలేజీలో ఇంగ్లీషు. మూడు భాషల మధ్య తిరిగే ఈ పిల్లలకి పాఠం అర్థం కాక కాదు. లెక్క ఎక్కడ మొదలెట్టాలో, వచ్చిన జవాబు నమ్మొచ్చో లేదో చెప్పేవాళ్లు లేక ఆగిపోతున్నారు. ఒక్కొక్కరికీ ఫోన్లో విడివిడిగా చెప్పేకంటే ఒకచోట రాసిపెడితే మేలనిపించింది.

టర్బులెన్స్ అంటే నీరో గాలో సుడులు తిరుగుతూ చిందరవందరగా సాగడం. ఆ సుడుల ప్రభావాన్ని కంప్యూటర్ లెక్కలోకి తెచ్చే సమీకరణాలే టర్బులెన్స్ మోడల్. ముందే ఒక మాట. మోడల్ ఏది అన్నది మూడో ప్రశ్నో నాలుగో ప్రశ్నో. మొదటి ప్రశ్న "కంప్యూటర్ ముందు కూర్చోకముందే జవాబు ఎంత రావాలో నాకు తెలుసా?" అన్నది. అది కాగితం మీద రాసుకోకుండా రన్ కొడితే, వచ్చిన రంగుల బొమ్మ తప్పో ఒప్పో తేల్చే దారే ఉండదు.

అందుకే నది వంతెనలూ టర్బైన్లూ పక్కనబెట్టి, జవాబు ముందే తెలిసిన ఒక చిన్న లెక్కతో మొదలెడదాం. వంశధార గట్టున మోటారు పెట్టి పొలానికి నీళ్లు తోడే నాలుగంగుళాల నల్ల హెచ్‌డీపీఈ పైపు మీరంతా చూసే ఉంటారు. అందులో నీళ్లు ఎంత ఒత్తిడి పోగొట్టుకుంటాయి? ఇదే మన లెక్క.

కావలసినవి

8 జీబీ మెమరీ ఉన్న మామూలు ల్యాప్‌టాప్ చాలు. ఈ లెక్కకి 4 జీబీ ఉన్నా నడుస్తుంది. ఉబుంటు గానీ, విండోస్‌లో డబ్ల్యూఎస్‌ఎల్ (విండోస్ లోపలే లినక్స్ నడిపే ఏర్పాటు) గానీ ఉండాలి. ప్రవాహాన్ని లెక్కగట్టే సాఫ్ట్‌వేర్ ఓపెన్‌ఫోమ్, బొమ్మలు చూడ్డానికి పారావ్యూ. రెండూ ఉచితమే. ఓపెన్‌ఫోమ్ 2004 నుంచీ అందరికీ తెరిచి ఉన్న సాఫ్ట్‌వేర్, దొంగ లైసెన్సుల జోలికి వెళ్లే అవసరమే లేదు. వీటితోపాటు ఒక నోటు పుస్తకం, క్యాలిక్యులేటర్, మూడీ చార్ట్ (పైపు ఘర్షణ గుణకం చూపే పటం) ఉన్న ఏ ఫ్లూయిడ్ మెకానిక్స్ పాఠ్యపుస్తకమైనా సరే.

జాగ్రత్త: ఓపెన్‌ఫోమ్‌కి రెండు శాఖలున్నాయి. ఫౌండేషన్ వాళ్లది ఒకటి, ఈఎస్‌ఐ వాళ్లది ఇంకొకటి. ఒకదాని ఫైళ్లు రెండోదాంట్లో పెడితే నడవవు. ఈఎస్‌ఐ దాంట్లో మోడల్ పేరు టర్బులెన్స్‌ప్రాపర్టీస్ అనే ఫైల్లో ఉంటుంది. ఫౌండేషన్ వాళ్ల కొత్త వెర్షన్లలో ఆ ఫైలు పేరు మొమెంటమ్‌ట్రాన్స్‌పోర్ట్. ఫౌండేషన్ 11వ వెర్షన్ నుంచి సింపుల్‌ఫోమ్ (స్థిర ప్రవాహాన్ని లెక్కగట్టే ప్రోగ్రాం) బదులు ఫోమ్‌రన్ నడపాలి. మీ సీనియర్ ఇచ్చిన ఫోల్డరు మీ దగ్గర నడవలేదంటే ముందు ఇదే అనుమానించండి. నేనిక్కడ ఈఎస్‌ఐ పద్ధతిలో చెబుతున్నాను. పేర్లు తెలుగులో రాస్తున్నాను గానీ, టైపు చేసేటప్పుడు ట్యుటోరియల్ ఫైళ్లలో ఉన్న స్పెల్లింగే వాడండి. పెద్దక్షరం, చిన్నక్షరం తేడా వచ్చినా ఊరుకోదు.

1. కాగితం మీద జవాబు రాసుకోండి

ఈ మెట్టు దాటేయాలని అందరికీ ఉంటుంది. దాటకండి. ఇక్కడ పట్టే అరగంట తర్వాత మూడు రోజులు మిగులుస్తుంది.

పైపు లోపలి వ్యాసం 0.1 మీటరు. సగటు వేగం సెకనుకి 1 మీటరు. నీటి గతిజ స్నిగ్ధత (జిగటని సాంద్రతతో భాగించినది) 20 డిగ్రీల దగ్గర 0.000001 చదరపు మీటర్లు సెకనుకి.

రేనాల్డ్స్ సంఖ్య (వేగం × వ్యాసం ÷ స్నిగ్ధత) = 1 × 0.1 ÷ 0.000001 = 1,00,000. పైపులో ఇది 2,300 కంటే తక్కువైతే ప్రవాహం ల్యామినార్ (సుడుల్లేకుండా పొరలుపొరలుగా సాగేది), అప్పుడు టర్బులెన్స్ మోడల్ ఊసే వద్దు. 4,000 దాటితే టర్బులెంట్ అనుకోవచ్చు. ఓస్బోర్న్ రేనాల్డ్స్ 1883లో గాజు గొట్టంలో రంగునీళ్లు వదిలి చూసింది ఈ మార్పునే. మనం లక్షలో ఉన్నాం కాబట్టి అనుమానం లేదు.

ఘర్షణ గుణకం: బ్లాసియస్ సూత్రం ప్రకారం 0.316ని రేనాల్డ్స్ సంఖ్య నాలుగో మూలంతో భాగిస్తే 0.0178. మూడీ చార్ట్‌లో నున్నటి పైపు గీత మీద చూస్తే 0.018. మనం 0.018 తీసుకుందాం.

మీటరుకి ఒత్తిడి నష్టం = 0.018 × (1 ÷ 0.1) × 1000 × 1² ÷ 2 = 90 పాస్కల్స్.

ఈ 90ని పెద్ద అంకెల్లో రాసి చుట్టూ గీత గీయండి. కంప్యూటర్ ఇచ్చే జవాబుని దీని పక్కన పెట్టే చూస్తాం.

ఇంకో రెండంకెలు కావాలి. గోడ మీద కోత ఒత్తిడి = 90 × 0.1 ÷ 4 = 2.25 పాస్కల్స్. దీన్ని సాంద్రత 1000తో భాగించి వర్గమూలం తీస్తే ఘర్షణ వేగం వస్తుంది: సెకనుకి 0.0474 మీటర్లు. మెష్ (పైపుని లెక్క కోసం సెల్స్ అనే చిన్న గళ్లుగా విడగొట్టిన వల) ఎంత సన్నంగా ఉండాలో తేల్చేది ఇదే.

మన దగ్గర ఎండాకాలం నీళ్లు 20 డిగ్రీలుండవు కదా అని ఒక అమ్మాయి అడిగింది. మంచి ప్రశ్న. 30 డిగ్రీల దగ్గర స్నిగ్ధత 0.0000008కి దిగుతుంది, నష్టం అయిదు శాతం దాకా తగ్గుతుంది. మీ లెక్కలో ఏ ఉష్ణోగ్రత తీసుకున్నారో రాసిపెట్టుకోండి.

2. గోడ దగ్గర ఏం చేస్తారో తేల్చుకోండి

టర్బులెన్స్ మోడలింగ్‌లో సగం కథ గోడ దగ్గరే ఉంది. గోడని అంటుకున్న నీరు కదలదు. కొన్ని మిల్లీమీటర్ల దూరంలోనే వేగం అమాంతం పెరుగుతుంది. ఆ సన్నటి పొరని మీరు మెష్‌తో పూర్తిగా పట్టుకుంటారా, లేక ఒక సూత్రానికి అప్పజెబుతారా? ఆ సూత్రం పేరే వాల్ ఫంక్షన్.

ఇది తేల్చే కొలత వై ప్లస్. గోడ నుంచి మొదటి సెల్ మధ్యబిందువు దూరాన్ని ఘర్షణ వేగంతో గుణించి స్నిగ్ధతతో భాగించాలి.

మొదటి దారి, వాల్ ఫంక్షన్: వై ప్లస్ 30 నుంచి 300 మధ్య ఉండాలి. మన పైపులో మొదటి సెల్ మందం 2 మిల్లీమీటర్లు పెడితే మధ్యబిందువు 1 మి.మీ. దూరంలో ఉంటుంది. 0.001 × 0.0474 ÷ 0.000001 = 47. సరిగ్గా సరిపోయింది.

రెండో దారి, గోడ దాకా మెష్: వై ప్లస్ 1 దగ్గర ఉండాలి. అంటే మధ్యబిందువు గోడకి 0.02 మి.మీ. దూరంలో, మొదటి సెల్ మందం 0.04 మి.మీ. ఒక్కో సెల్ ముందుదానికంటే పది శాతం పెద్దదిగా పెంచుకుంటూ పోతే 50 మి.మీ. వ్యాసార్ధానికి 51 సెల్స్ పడతాయి.

మొదటిసారి చేసేవాళ్లు మొదటి దారిలోనే వెళ్లండి. 5 నుంచి 30 మధ్య వై ప్లస్ మాత్రం వద్దు. అక్కడ మామూలు వాల్ ఫంక్షన్ సూత్రమూ పనిచేయదు, మెష్‌కీ ఆ పొర పూర్తిగా అందదు. సగం సగం సన్నబరిచిన మెష్ ముతక మెష్ కంటే చెడ్డ జవాబివ్వడం నేను చాలాసార్లు చూశాను.

ప్రత్యామ్నాయం: జ్యామితి వంకరటింకరగా ఉండి వై ప్లస్ ఒకచోట 3, ఇంకోచోట 80 వస్తుంటే, స్పాల్డింగ్ పేరుతో ఉన్న వాల్ ఫంక్షన్ పెట్టండి. ఒకే సూత్రం అన్ని పొరలకీ అతుకుతుంది.

3. మోడల్ ఎంచుకోండి

ఇక్కడ ఎక్కువసేపు ఆగక్కర్లేదు. కే అంటే సుడుల్లోని శక్తి, ఎప్సిలాన్ అది తరిగే రేటు, ఒమేగా ఆ శక్తితో పోల్చి చూస్తే అది ఎంత వేగంగా తరుగుతోందో చెప్పే అంకె. తిన్నటి పైపులో, వాల్ ఫంక్షన్‌తో, కే ఎప్సిలాన్ పెట్టినా కే ఒమేగా ఎస్‌ఎస్‌టీ పెట్టినా జవాబు దాదాపు ఒకటే. వంపు, హఠాత్తుగా వెడల్పయ్యే చోటు, స్తంభం వెనక్కి తిరిగే నీరు, ఇలా ప్రవాహం గోడని వదిలేసే చోట్ల ఎస్‌ఎస్‌టీ నయం. 1994లో మెంటర్ దీన్ని కట్టింది ముఖ్యంగా అలాంటి ప్రవాహాల కోసమే. సైక్లోన్ సెపరేటర్‌లా నీరో గాలో గట్టిగా గిరగిరా తిరిగే యంత్రమైతే ఈ రెండూ తప్పుతాయి, రేనాల్డ్స్ స్ట్రెస్ మోడల్ దాకా వెళ్లాలి.

"ఎల్‌ఈఎస్ చేస్తాను మాష్టారూ, పేపర్‌కి బాగుంటుంది" అనేవాళ్లకి (పెద్ద సుడుల్ని నేరుగా లెక్కగట్టే, చాలా బరువైన పద్ధతి అది) నా సలహా: ముందు ఈ పైపు లెక్కలో 90 తెప్పించండి, అప్పుడు మాట్లాడుకుందాం.

మనం ఎస్‌ఎస్‌టీ తీసుకుందాం.

4. కేస్ ఫోల్డర్ తయారు చేయండి

ఖాళీ ఫోల్డర్‌తో మొదలెట్టొద్దు. ట్యుటోరియల్స్‌లో సింపుల్‌ఫోమ్ కింద పిట్జ్‌డైలీ అనే కేస్ (ఒక లెక్కకి కావలసిన ఫైళ్లన్నీ ఉన్న ఫోల్డర్) ఉంటుంది. దాన్ని కాపీ చేసుకోండి. నా దగ్గరికొచ్చే తప్పుల్లో సగం ఈ కాపీ తర్వాత మార్చాల్సినవి మార్చకపోవడం వల్ల వచ్చినవే. అందుకని ఒక్కొక్కటీ వివరంగా చెబుతాను.

స్నిగ్ధత: పిట్జ్‌డైలీలో 0.00001 ఉంటుంది. మనకి కావలసింది 0.000001. ఒక్క సున్నా తేడా. మార్చకపోతే మీ రేనాల్డ్స్ సంఖ్య లక్ష కాదు, పదివేలే. రన్ చక్కగా నడుస్తుంది, ఏ ఎర్రరూ రాదు, జవాబు మాత్రం వేరే పైపుది.

కొలతల స్కేలు: అందులో 0.001 ఉంటుంది, అంటే అంకెలన్నీ మిల్లీమీటర్లలో. మీరు పొడవు 5 అని మీటర్లలో రాస్తే అయిదు మిల్లీమీటర్ల పైపు తయారవుతుంది. మిల్లీమీటర్లలోనే 5000 అని రాయండి.

టర్బులెన్స్ విలువలు: అందులో ఇన్‌లెట్ కే 0.375, ఎప్సిలాన్ 14.855. అవి సెకనుకి 10 మీటర్ల గాలికి లెక్కగట్టినవి. మన 1 మీటరు వేగానికి అదే కే వదిలేస్తే వేగంలో సగం వంతు అల్లకల్లోలం ఉన్నట్టు లెక్క. అంత కలత ఉన్న పైపు ఎక్కడా ఉండదు.

మన విలువలు ఇలా వస్తాయి. అల్లకల్లోలం 5 శాతం అనుకుంటే కే = 1.5 × 0.05² = 0.00375. సుడుల పొడవు వ్యాసంలో 7 శాతం, అంటే 0.007 మీటరు. ఒమేగా = √0.00375 ÷ (0.5477 × 0.007) = 16. కేని ఒమేగాతో భాగిస్తే 0.00023, అంటే నీటి స్నిగ్ధతకి రెండువందల ముప్పై రెట్లు. పైపులకి ఇది మామూలే. ఈ నిష్పత్తి ఎప్పుడైనా లక్షల్లో కనబడితే ఇన్‌లెట్ విలువలు తప్పాయన్నమాట.

ఒమేగా ఫైలు లేకపోతే ఎప్సిలాన్ ఫైలుని కాపీ చేసి, లోపల పేరూ యూనిట్లూ రెండూ మార్చండి. ఎప్సిలాన్‌కి పొడవు వర్గం, కాలం ఘాతం ఋణ మూడు. ఒమేగాకి కాలం ఘాతం ఋణ ఒకటి మాత్రమే. ఒమేగా ప్రారంభ విలువ సున్నా పెట్టారా, మొదటి అడుగులోనే ఫ్లోటింగ్ పాయింట్ ఎర్రర్‌తో కూలిపోతుంది. సున్నాతో భాగహారం మరి.

చివరగా, ఎస్‌ఎస్‌టీకి ప్రతి సెల్ నుంచి గోడ ఎంత దూరమో కావాలి. స్కీమ్స్ ఫైల్లో వాల్‌డిస్ట్ అనే భాగం ఉందో లేదో చూసుకోండి.

5. మెష్

పైపు గుండ్రంగా, అన్ని వైపులా ఒకేలా ఉంది కాబట్టి మొత్తం పైపు అక్కర్లేదు. పుచ్చకాయ ముక్కలా 5 డిగ్రీల చీలిక చాలు. ఓపెన్‌ఫోమ్‌లో దాన్ని వెడ్జ్ అంటారు. చీలిక సరిగ్గా మధ్య తలానికి అటు రెండున్నర, ఇటు రెండున్నర డిగ్రీలుండాలి. 50 మి.మీ. వ్యాసార్ధానికి బయటి బిందువులు: ఎత్తు 49.952, పక్కకి 2.181, ఇంకోవైపు ఋణ 2.181. రెండు పక్కలకీ రకం వెడ్జ్. పిట్జ్‌డైలీలో అక్కడ ఎంప్టీ ఉంటుంది, మార్చడం మరవకండి. అదీ మెష్ ఫైల్లో ఒక్కచోటే కాదు, మొదటి విలువలుండే సున్నా (0) ఫోల్డర్లో ఉన్న అన్ని ఫైళ్లలోనూ.

పొడవు ఎంత? నీరు లోపలికొచ్చాక దాని వేగం తీరు స్థిరపడ్డానికి కొంత దూరం కావాలి. టర్బులెంట్ ప్రవాహంలో అది వ్యాసాల లెక్కన 4.4 × రేనాల్డ్స్ సంఖ్య ఆరో మూలం. మనకి 30 వ్యాసాలు, అంటే 3 మీటర్లు. అందుకని పైపు 5 మీటర్లు పెట్టండి.

అడ్డంగా 25 సెల్స్, ఒక్కోటి 2 మి.మీ. పొడవునా 250 సెల్స్, ఒక్కోటి 20 మి.మీ. మొత్తం 6,250. ఏ ల్యాప్‌టాప్‌కైనా ఇది నిమిషాల పని.

రెండో దారి ఎంచుకున్నవాళ్లకి ఒక హెచ్చరిక. గ్రేడింగ్ అంకె అంటే చివరి సెల్‌కీ మొదటి సెల్‌కీ ఉన్న నిష్పత్తి. మన బ్లాకు నడుమ అక్షం నుంచి గోడవైపు సాగితే ఆ అంకె 117 కాదు, 117లో ఒక వంతు, 0.0085. తిరగేసి రాస్తే సన్నటి సెల్స్ అన్నీ పైపు నడిమధ్య చేరతాయి, గోడ దగ్గర ముతకవి మిగులుతాయి. పారావ్యూలో మెష్ గీతలు ఆన్ చేసి ఒకసారి కళ్లతో చూడండి.

మెష్ కట్టాక చెక్‌మెష్ నడపండి. అందులో బౌండింగ్ బాక్స్ అని వచ్చే అంకెలు చదవండి. పొడవు 5, ఎత్తు 0.05 దగ్గర కనబడాలి. 0.005 కనబడితే స్కేలు తప్పు చేశారు.

6. హద్దులు

ఇన్‌లెట్: వేగం 1, కే 0.00375, ఒమేగా 16, ఒత్తిడికి జీరోగ్రేడియెంట్ (హద్దు దగ్గర పక్క సెల్ విలువనే తీసుకోవడం).
అవుట్‌లెట్: ఒత్తిడి 0, మిగతావన్నీ జీరోగ్రేడియెంట్.
గోడ: వేగానికి నోస్లిప్ (గోడ దగ్గర వేగం సున్నా), ఒత్తిడికి జీరోగ్రేడియెంట్, కే, ఒమేగా, నట్ (సుడుల వల్ల కలిగే అదనపు స్నిగ్ధత) మూడింటికీ వాటి వాటి వాల్ ఫంక్షన్లు.

ఒత్తిడి, వేగం రెండూ ఇన్‌లెట్ దగ్గరే బిగించకండి. నీటిని ఎంత వేగంతో తోస్తున్నారో చెప్పాక, ఎంత ఒత్తిడి కావాలన్నది లెక్కే తేల్చాలి. మీరు తెలుసుకోవాల్సిందే అది.

7. రన్

పిట్జ్‌డైలీలో ఆగే షరతులు చాలా వదులుగా ఉంటాయి. ట్యుటోరియల్ త్వరగా ముగియాలని అలా పెట్టారు. "కన్వర్జ్ అయింది" అని స్క్రీన్ మీద రాగానే సంబరపడకండి. రెసిడ్యువల్ (సమీకరణాల్లో ఇంకా మిగిలిన తేడా) హద్దులన్నీ 0.00001కి దించండి. దానితోపాటు ఇన్‌లెట్ సగటు ఒత్తిడిని ప్రతి అడుగుకీ (లెక్క ఒకసారి తిరగడమే ఒక అడుగు) రాసుకునేలా పెట్టండి. ఆ గీత బల్లపరుపుగా మారి కనీసం రెండుమూడు వందల అడుగులు కదలకుండా ఉంటేనే పూర్తయినట్టు. నా మట్టుకు నేను రెసిడ్యువల్ కంటే ఈ గీతనే ఎక్కువ నమ్ముతాను.

ఊగిసలాడుతుంటే రిలాక్సేషన్ (ఒక అడుగులో విలువని ఎంత మారనివ్వాలో చెప్పే అంకె) తగ్గించండి: ఒత్తిడికి 0.3, వేగానికి 0.7, కే, ఒమేగాలకి 0.5. అప్పటికీ ఆగకపోతే మొదట అప్‌విండ్ (నీరు వచ్చే వైపు సెల్ విలువనే తీసుకునే) స్కీమ్‌తో నడిపి, ఆ ఫలితం మీద ఇంకా కచ్చితమైన లీనియర్‌అప్‌విండ్‌కి మారండి. అప్‌విండ్ దగ్గరే ఆపి రిపోర్టు రాయకూడదు. అది లేని స్నిగ్ధతని కలిపేస్తుంది, సుడులు అసలుకంటే మెత్తగా కనబడతాయి.

వానాకాలంలో మన వైపు కరెంటు సంగతి తెలిసిందే. ప్రతి 100 అడుగులకీ ఫలితం సేవ్ అయ్యేలా, మొదలయ్యే చోటు లేటెస్ట్‌టైమ్ అని ఉండేలా పెట్టుకోండి. కరెంటు పోయినా ఆగినచోటు నుంచే మళ్లీ సాగుతుంది.

8. సరిచూసుకోవడం

అసలు పని ఇక్కడే ఉంది. ఈ వరసలో చూడండి.

ముందు నీటి లెక్క. లోపలికి ఎంత వచ్చిందో బయటికి అంతే పోవాలి. మొత్తం పైపులో సెకనుకి 7.85 లీటర్లు. మీ చీలికలో కనబడేది అందులో 72వ వంతు, 0.000109 ఘనపు మీటర్లు. "మాష్టారూ, నీళ్లు మాయమైపోయాయి" అని కంగారుగా ఫోన్ చేసినవాళ్లున్నారు. మాయమవలేదు, 360 డిగ్రీల్లో 5 డిగ్రీలే తీసుకున్నాం.

తర్వాత వై ప్లస్. మీరు 47 అనుకున్నారు. రన్ తర్వాత వై ప్లస్ ఫంక్షన్ నడిపితే స్థిరపడ్డ భాగంలో దాదాపు అంతే రావాలి. ఇన్‌లెట్ పక్కన ఎక్కువ కనబడుతుంది, ఫర్వాలేదు.

ఆపైన ఒత్తిడి. మూడున్నర మీటర్ల దగ్గర ఒకటి, నాలుగున్నర దగ్గర ఒకటి తీసుకుని తేడా చూడండి. ఇన్‌లెట్ నుంచి అవుట్‌లెట్ దాకా తీసుకుని అయిదుతో భాగించకండి. మొదటి మూడు మీటర్లలో నీరు ఇంకా సర్దుకుంటూ ఉంటుంది, అక్కడ నష్టం ఎక్కువ.

తేడా 0.09 దగ్గర వస్తుంది. 90 కాదు, 0.09.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. గుణుపురం దగ్గర పల్లె నుంచి వచ్చిన ఒక కుర్రాడు వాళ్ల నాన్న పొలానికి వేసే 200 మీటర్ల పైపుకి ఇదే లెక్క చేశాడు. మీటరుకి 0.09, రెండొందల మీటర్లకి 18 పాస్కల్స్, అంటే నీటి మట్టంలో రెండు మిల్లీమీటర్లు కూడా కాదు, "పైపులో నష్టమే లేదు, చిన్న మోటారు చాలు" అని రాసుకొచ్చాడు. వాళ్ల నాన్న మోటారు కొనబోతున్నాడు. అదృష్టం బాగుండి కొనకముందే నాకు చూపించాడు. సింపుల్‌ఫోమ్ ఇచ్చే ఒత్తిడి సాంద్రతతో భాగించిన ఒత్తిడి. 1000తో గుణించాలి. గుణిస్తే 18,000 పాస్కల్స్, అంటే 1.8 మీటర్ల నీటి ఎత్తు. గట్టు ఎత్తుకి ఇది అదనంగా కలపాల్సిన హెడ్. వంపులకీ, వాల్వులకీ, ఫుట్‌వాల్వుకీ వేరే. ఒత్తిడి ఫైలు తెరిచి యూనిట్లు చూడండి, వేగం వర్గం కనబడుతుంది, పాస్కల్ కాదు. ఈ ఒక్క మాట మీ రిపోర్టు మొదటి పేజీలోనే రాసుకోండి.

మీ అంకె 90కి అయిదు శాతం లోపు ఉంటే సంతోషించండి. పది శాతం దాటితే మోడల్ మార్చకండి, నాలుగో మెట్టుకి వెనక్కి వెళ్లండి.

వేగం తీరు కూడా చూడాలి. పైపు మధ్యలో వేగం సగటుకి 1.2 రెట్లు ఉండాలి, అంటే సెకనుకి 1.2 మీటర్లు. రెండు రెట్లు వస్తే అది ల్యామినార్ తీరు, మోడల్ ఆన్ అవనేలేదు. మధ్యంతా సమంగా 1 దగ్గరే ఉంటే పైపు పొడవు చాలలేదు, లేదా రన్ పూర్తి కాలేదు.

చివరిది మెష్ పరీక్ష. అడ్డంగా 16, 25, 36 సెల్స్‌తో మూడుసార్లు నడపండి. పొడవునా కూడా అదే నిష్పత్తిలో మార్చండి. ఎందుకు సరిగ్గా ఈ అంకెలంటే, వాటికి వై ప్లస్ వరసగా 74, 47, 33 వస్తుంది. మూడూ హద్దులోనే ఉన్నాయి. "మెష్ రెట్టింపు చేస్తూ పో" అన్న సలహా విని 50, 100 అని వెళ్లినవాళ్లకి వై ప్లస్ 24కీ 12కీ పడిపోయి, మెష్ సన్నబడేకొద్దీ జవాబు చెడిపోతూ వచ్చింది. మెష్ పరీక్షే తప్పనుకున్నారు పాపం. ఇంకా సన్నంగా కావాలంటే గోడ పక్క సెల్ మందం కదపకుండా లోపలివి మాత్రమే సన్నబరచండి, లేదా పూర్తిగా రెండో దారికి మారండి.

9. దీని తర్వాత

పైపు కుదిరాక, దాన్నే 100 మి.మీ. నుంచి 150 మి.మీ.కి హఠాత్తుగా వెడల్పు చేయండి. రెండో పైపులో వేగం 0.444. నష్టం, వేగాల తేడా వర్గంలో సగం, సాంద్రతతో గుణిస్తే 154 పాస్కల్స్. కానీ పారావ్యూలో ఒత్తిడి తగ్గకపోగా 247 పాస్కల్స్ పెరిగినట్టు కనబడుతుంది. కంగారుపడొద్దు. వేగం తగ్గినప్పుడు 401 తిరిగొచ్చింది, అందులో 154 సుడుల పాలైంది. గోడ ఘర్షణ దీనికి అదనం. మూల దగ్గర నీరు వెనక్కి తిరుగుతూ కనబడాలి. ఇక్కడ కే ఎప్సిలాన్, ఎస్‌ఎస్‌టీ రెండూ నడిపి, వెనక్కి తిరిగిన నీరు గోడని మళ్లీ ఎక్కడ తాకుతోందో పోల్చండి. మెట్టు దిగే ప్రవాహం మీద డ్రైవర్, సీగ్‌మిల్లర్ 1985లో కొలిచింది మెట్టు ఎత్తుకి 6.26 రెట్ల దూరం. కే ఎప్సిలాన్ అంతకంటే ముందే తాకేస్తుంది. మోడల్ ఎంపికకి విలువ వచ్చేది ఇలాంటి చోటే.

కొరాపుట్, జయపురం వైపు పిల్లలు మాచ్‌ఖండ్ లాంటి జలవిద్యుత్ కేంద్రం పెన్‌స్టాక్ (టర్బైన్‌కి నీళ్లు తెచ్చే పెద్ద పైపు) చేస్తామంటారు. 1955 నుంచి ఆంధ్ర, ఒడిశా రెండు రాష్ట్రాలకీ కరెంటిస్తున్న కేంద్రం కళ్లెదుట ఉంటే ఆ కోరిక పుట్టడం సహజం. చేయండి. కానీ ఈ లెక్క చూసుకోండి: ఉదాహరణకి 2 మీటర్ల వ్యాసం, 5 మీటర్ల వేగం అనుకుంటే రేనాల్డ్స్ సంఖ్య కోటి. వై ప్లస్ 1 కావాలంటే మధ్యబిందువు గోడకి సుమారు 0.006 మి.మీ. దూరంలో ఉండాలి. మామూలు ఉక్కు పైపు గరుకుతనమే 0.045 మి.మీ. గోడ గరుకుకంటే సన్నటి సెల్‌కి అర్థమే లేదు. అక్కడ గరుకు గోడ వాల్ ఫంక్షన్ ఒక్కటే దారి, గరుకుతనం అంకె మీరే ఇవ్వాలి.

నాగావళిలో వంతెన స్తంభం వెనక సుడులు చేస్తామనేవాళ్లకి: స్తంభానికి అటొకటి ఇటొకటి సుడి విడుస్తూ పోతుంది, అది కాలంతో మారే ప్రవాహం. సింపుల్‌ఫోమ్ స్థిర ప్రవాహానికి మాత్రమే. ఒత్తిడి గీత ఎంతసేపటికీ బల్లపరుపు కాకుండా ఒకే లయలో ఊగుతుంటే రిలాక్సేషన్ తగ్గిస్తూ కూర్చోకండి, పింపుల్‌ఫోమ్‌కి మారండి. నీటి ఉపరితలం ఎగుడుదిగుడు కూడా కావాలంటే ఇంటర్‌ఫోమ్.

ఏదైనా తేడా వచ్చి నన్నో, మీ మాష్టార్నో అడిగేటప్పుడు స్క్రీన్ ఫోటో ఒక్కటే పంపకండి. ఓపెన్‌ఫోమ్ వెర్షన్, రేనాల్డ్స్ సంఖ్య, చెక్‌మెష్ ఫలితం, వై ప్లస్ కనిష్ఠం గరిష్ఠం, ఇన్‌లెట్ ఒత్తిడి గీత, మీరు కాగితం మీద వేసిన అంకె, కంప్యూటర్ ఇచ్చిన అంకె. ఈ ఏడూ ఉంటే తప్పు ఎక్కడుందో చాలావరకు పది నిమిషాల్లో దొరుకుతుంది.